ఆ ప్లకార్డుల గురించి రాసేముందు

తమ్ముడూ,

నువ్వు పంపిన వ్యాసం చదివాను. ఇరాక్‌లో కొడుకును పోగొట్టుకుని, ఆ అంత్యక్రియల దగ్గర ద్వేషపు ప్లకార్డులు పట్టుకున్నవాళ్ల మీద దావా వేసిన ఒక అమెరికా తండ్రి పక్షాన నిలబడి రాశావు. ఆ కోపం నాకు అర్థమైంది, నాలోనూ ఉంది. అయినా దీన్ని ఇలాగే అచ్చుకు పంపొద్దు. మొదటి పేరాలోనే "ఒక తండ్రి వేసిన పరువు నష్టం దావాను అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది" అని రాశావు. జరిగింది అది కాదు. ఇలాంటి విషయంలో మొదటి వాక్యం తప్పితే, తెలిసిన పాఠకుడు మిగతాదంతా అనుమానంతోనే చదువుతాడు. నువ్వు ఏ తండ్రి కోసం రాశావో ఆయనకే అన్యాయం జరుగుతుంది.

ముందు జరిగింది జరిగినట్టు చూద్దాం. 2006 మార్చి 3న ఇరాక్‌లో ఒక యువ మెరైన్ సైనికుడు విధి నిర్వహణలో చనిపోయాడు. వారం తర్వాత మేరీల్యాండ్ రాష్ట్రంలోని వెస్ట్‌మిన్‌స్టర్‌లో, ఒక క్యాథలిక్ చర్చిలో అంత్యక్రియల ప్రార్థన జరిగింది. ఎక్కడో కాన్సస్‌లోని టొపీకా నుంచి వెస్ట్‌బరో బాప్టిస్ట్ చర్చి వాళ్లు ఏడుగురు అక్కడికొచ్చారు. పాస్టర్ ఫ్రెడ్ ఫెల్ప్స్, ఆయన ఇద్దరు కూతుళ్లు, నలుగురు మనవలు. స్వలింగ ప్రేమను అమెరికా సహిస్తోంది కాబట్టి, ముఖ్యంగా సైన్యంలో సహిస్తోంది కాబట్టి, దేవుడు ఆ దేశాన్ని శిక్షిస్తున్నాడని వాళ్ల నమ్మకం. సైనికుల చావులు కూడా ఆ శిక్షేనంటారు. చనిపోయిన సైనికుల కోసం దేవుడికి స్తోత్రం చెప్పే ప్లకార్డు ఒకటి పట్టుకున్నారు. "నువ్వు నరకానికి పోతావు" అని ఇంకొకటి.

నీ వ్యాసంలో వాళ్లు చర్చి గుమ్మం దగ్గర నిలబడి కేకలు వేశారని ఉంది. వాళ్లు నిలబడింది చర్చికి సుమారు 1000 అడుగుల దూరంలో, ప్రభుత్వ స్థలంలో. ముందుగానే అధికారులకు చెప్పి, పోలీసులు చూపించిన చోటే నిలబడ్డారు. ప్రార్థన మొదలవడానికి ముందు అరగంట ఉన్నారు. చర్చి ఆవరణలో గానీ శ్మశానంలో గానీ అడుగు పెట్టలేదు. శవయాత్ర వాళ్లకు 200, 300 అడుగుల దూరంలోంచి వెళ్లింది. తండ్రికి దారిలో ప్లకార్డుల పై అంచులు మాత్రమే కనిపించాయి. వాటిమీద ఏం రాసి ఉందో ఆయనకు ఆ రాత్రి టీవీ వార్తల్లో తెలిసింది.

ఈ చివరి వాస్తవం దగ్గర ఆగి ఆలోచించు. ఆ మాటలు ఆయన దగ్గరికి చేరింది కెమెరా ద్వారా. నువ్వు ఊహించి రాసిన గుమ్మం దృశ్యం కంటే ఇది నాకు ఎక్కువ బాధగా ఉంది. కొడుకును మట్టిలో పెట్టి ఇంటికొచ్చి, టీవీ ముందు కూర్చుని ఆ ప్లకార్డులు చదవడం. నిజంలోనే ఇంత ఉన్నప్పుడు కల్పన ఎందుకు?

ఇక కేసు. స్నైడర్ వర్సెస్ ఫెల్ప్స్ అని లా కాలేజీల్లో చెబుతారు. తండ్రి వేసిన దావాలో ఐదు ఆరోపణలున్నాయి. పరువు నష్టం, వ్యక్తిగత విషయాలు బయటపెట్టడం, కావాలని తీవ్ర మనోవేదన కలిగించడం, ఏకాంతంలోకి చొరబడటం, వీటన్నిటి కోసం కుట్ర. మొదటి రెండూ జ్యూరీ (కేసు విని నిర్ణయం చెప్పే మామూలు పౌరుల బృందం) దాకా కూడా వెళ్లలేదు, కింది కోర్టు జడ్జి తీసేశాడు. పరువు నష్టం అనాలంటే ఒక మనిషి గురించి, నిజమో అబద్ధమో తేల్చగల మాట ఒకటి చెప్పి ఉండాలి. అది అబద్ధమై ఉండాలి, దానివల్ల జనంలో అతని పేరు చెడాలి. "దేవుడు నిన్ను ద్వేషిస్తున్నాడు" అన్న మాటను ఏ సాక్షిని పిలిచి అబద్ధమని నిరూపిస్తాం? అంత్యక్రియల తర్వాత ఆ చర్చి వాళ్లు ఆ తల్లిదండ్రులను నిందిస్తూ ఇంటర్నెట్‌లో పెట్టిన రాతనూ జడ్జి మత సంబంధమైన అభిప్రాయంగానే లెక్కగట్టాడు. అది చదివి ఎవరూ ఆ తండ్రిని అసహ్యించుకోరన్నాడు.

మిగిలిన మూడింటి మీద జ్యూరీ 29 లక్షల డాలర్ల పరిహారం, పైన శిక్షగా 80 లక్షల డాలర్లు ఇమ్మంది. జడ్జి మొత్తం 50 లక్షలకు తగ్గించాడు. 2009లో అప్పీలు కోర్టు దాన్నీ రద్దు చేసింది. 2011 మార్చి 2న సుప్రీంకోర్టు ఎనిమిది మంది ఒకవైపు, ఒక్కరు ఇంకోవైపుగా ఫెల్ప్స్ వాళ్ల పక్షాన తీర్పిచ్చింది.

ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ రాసిన తీర్పును నువ్వు చదవకుండానే తిట్టావని నాకు అనిపించింది. ఆయన ఎక్కడా ఆ ప్లకార్డులను మెచ్చుకోలేదు, ఆ మాటలు తండ్రిని ఎంత గాయపరిచాయో ఒప్పుకున్నాడు. ఆయన వాదం ఇది: అవి ఎంత నీచంగా ఉన్నా దేశం, సైన్యం, మతం గురించిన మాటలు, నలుగురికీ సంబంధించిన విషయాలు. మాట్లాడింది బహిరంగ స్థలంలో, చట్టం గీసిన గీత దాటకుండా. ఇలాంటి మాటలు ఎంత దారుణమో జ్యూరీ కొలిచి డబ్బు వేయాలంటే, ఆ కొలతలోకి జ్యూరీ ఇష్టాయిష్టాలు వచ్చేస్తాయి. ఈరోజు మనకు నచ్చని మాట మీద పడిన జరిమానా, రేపు జనానికి నచ్చని నీ మాట మీద పడుతుంది. నా మటుకు నేను ఈ వాదాన్ని ఒప్పుకుంటాను. ఊళ్లో మెజారిటీకి కంటగింపుగా ఉన్న మాట చెప్పేవాడెప్పుడూ ఒంటరివాడే, జ్యూరీలో కూర్చునేది ఊరు.

కానీ శామ్యూల్ అలిటో విడిగా రాసిన అసమ్మతి తీర్పు చదవకుండా నువ్వు ఈ వ్యాసం పూర్తి చేయకూడదు. ఆ తండ్రి నాయకుడు కాడు, ప్రముఖుడు కాడు, కొడుకును ప్రశాంతంగా సాగనంపాలని మాత్రమే కోరుకున్నాడని ఆయన గుర్తు చేశాడు. తమ అభిప్రాయం చెప్పుకోడానికి వాళ్లకు దేశమంతా ఉంది, ఎన్నో దారులున్నాయి. మరి అంత్యక్రియలే ఎందుకు? అక్కడికి కెమెరాలు వస్తాయి కాబట్టి. దెబ్బ ఎంత గట్టిగా తగిలితే వార్త అంత పెద్దది. కొన్ని అంత్యక్రియల దగ్గర నిరసన మానుకోడానికి బదులుగా వాళ్లు రేడియోలో ఉచిత సమయం పుచ్చుకున్నారని కూడా ఆయన ప్రస్తావించాడు. 2011లో అమెరికాలోని టూసాన్ నగరంలో జరిగిన కాల్పుల్లో చనిపోయిన తొమ్మిదేళ్ల పాప అంత్యక్రియలు వాటిలో ఒకటి.

రచయితగా నీకు ఇక్కడే పని పడుతుంది. తీర్పు నాటికే ఇరవై ఏళ్లలో దాదాపు 600 అంత్యక్రియల దగ్గర ప్లకార్డులు పట్టుకున్నవాళ్లకు కావలసింది ఆ మాటలు మళ్లీ మళ్లీ అచ్చు కావడమే. నీ వ్యాసంలో పదకొండు ప్లకార్డుల మాటలు వరసగా దించావు. కోర్టు దేన్ని చూసి ఏం తేల్చిందో పాఠకుడికి తెలియడానికి రెండు చాలు. అందులో ఒకటి దేశం మీద రాసింది, రెండోది ఆ కుటుంబాన్ని ఉద్దేశించిందని అనిపించేది ఉండాలి, ఎందుకంటే తీర్పులో చర్చంతా ఆ తేడా చుట్టూనే తిరిగింది. మిగతా తొమ్మిదీ తీసేయ్.

ఫెల్ప్స్‌ను రాక్షసుడని ఒక్క మాటలో తేల్చేశావు. ఆయన ఒకప్పుడు లాయరు. నల్లజాతి వాళ్ల తరఫున కాన్సస్‌లో పౌరహక్కుల కేసులు వాదించినవాడు. 1979లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఆయన్ను అక్కడి లాయర్ల జాబితా నుంచి తీసేసింది. సుప్రీంకోర్టులో ఈ కేసు వాదించింది ఆయన కూతురు మార్జీ ఫెల్ప్స్. వాళ్ల మతం ఎంత మొరటుదైనా, చట్టం ఎక్కడిదాకా కాపాడుతుందో అడుగులతో సహా తెలిసిన కుటుంబం అది. ఇది రాస్తే వాళ్లమీద జాలి పుడుతుందేమోనని భయపడకు. పోలీసులు చూపించిన చోటు దాటకుండా వాళ్లు ఎందుకు నిలబడ్డారో పాఠకుడికి అర్థమవుతుంది.

తీర్పుతో ఇక ఎవరూ ఏమీ చేయలేకపోయారన్నట్టు ముగించావు. అదీ సరికాదు. ఏం మాట్లాడారన్నదాన్ని పట్టించుకోకుండా, ఎక్కడ, ఎప్పుడు నిలబడాలో మాత్రమే చెప్పే చట్టాలకు దారి ఉందని రాబర్ట్సే రాశాడు. అప్పటికే 44 రాష్ట్రాల్లో అలాంటివి ఉన్నాయి. మేరీల్యాండ్‌లో మాత్రం ఆ అంత్యక్రియల నాటికి లేదు, తర్వాత వచ్చింది. 2012లో అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) సైనికుల అంత్యక్రియల చుట్టూ 300 అడుగుల హద్దు, ముందు రెండు గంటలు, తర్వాత రెండు గంటల గడువు పెట్టింది. అంతకుముందే, 2005 నుంచే, పేట్రియాట్ గార్డ్ రైడర్స్ అనే మోటార్‌సైకిల్ బృందం కుటుంబాలు పిలిస్తే వెళ్లి, జెండాలు పట్టుకుని, ప్లకార్డులు కనబడకుండా అడ్డంగా నిలబడుతోంది. ఈ మనుషులకు ఒక పేరా ఇవ్వు.

చివరిగా నీ భద్రత సంగతి. నువ్వు రాసేది అమెరికా గురించే అయినా, నువ్వున్నది గుంటూరులో. నీ రాత మీద కేసు పడితే ఇక్కడి చట్టమే వర్తిస్తుంది. మనకు రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం ఇచ్చిన వాక్ స్వేచ్ఛ పక్కనే 19(2) ఆంక్షలున్నాయి, అందులో పరువు నష్టం పేరు పెట్టి మరీ ఉంది. దాన్ని నేరంగా ఉంచడం సబబేనని మన సుప్రీంకోర్టు 2016లో సుబ్రమణ్యస్వామి కేసులో తేల్చింది. పాత శిక్షాస్మృతిలోని 499 ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 356, జైలు రెండేళ్ల దాకా ఉండొచ్చు. అందులో మొదటి వివరణ తప్పకుండా చదువు. బతికుంటే పరువు పోయే మాట చనిపోయిన మనిషి గురించి అని, అది దగ్గరి బంధువుల మనసు నొప్పించాలన్న ఉద్దేశంతో అన్నదైతే, ఇక్కడ నేరం కావచ్చు. అమెరికాలో సాధారణంగా చనిపోయినవాళ్ల తరఫున పరువు నష్టం దావా ఉండదు. అంత్యక్రియలకు చేరినవాళ్లను మనసు నొప్పించే ఉద్దేశంతో ఆటంకపరిచినా ఇక్కడ విడిగా సెక్షన్ ఉంది, పాత 297, ఇప్పటి 301. ఆ తండ్రి మన దేశంలో ఉంటే కథ ఎలా నడిచేదో ఒక పేజీ రాయి. కానీ మన చట్టమే మేలన్న తొందర వద్దు. ఇదే 356 ఊరి పెద్దల అవినీతి గురించి రాసిన చిన్న విలేకరి మీదకీ వస్తుంది. అతనికి నెలనెలా కోర్టు వాయిదాలే శిక్ష.

తండ్రి పేరు, ఊరు, ఆయన విడాకుల సంగతి నీ రాతలో నాలుగు చోట్ల ఉన్నాయి. కేసు పేరుతోనే ఆయన ఇంటిపేరు వస్తుంది, అది తప్పదు. మిగతావి కొట్టేయ్. రెండు తీర్పులూ మొత్తం చదివాక తిరగరాసి పంపు. ఇంటర్నెట్‌లో పెట్టిన ఆ రాతను సుప్రీంకోర్టు ఎందుకు లెక్కలోకి తీసుకోలేదో, అలిటో ఎందుకు తీసుకోవాలన్నాడో నీ మాటల్లో రాయి. సంచికకు ఇంకా టైముంది, టెన్షన్ పడకు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య