కోచ్ కాలేజీ మారితే పిల్లలు ఆయన వెంట వెళ్లాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: మీ అబ్బాయి హైదరాబాద్‌లో పన్నెండో తరగతి పూర్తి చేస్తున్నాడు. అమెరికాలో ఒక డివిజన్ 1 (అక్కడి కాలేజీ క్రీడల్లో పై స్థాయి) కాలేజీ టెన్నిస్ జట్టుకు సంతకం చేశాడు. ఆగస్టులో చేరాలి. అతన్ని ఎంపిక చేసిన కోచ్ ఇప్పుడు మరో యూనివర్సిటీకి వెళ్తున్నారు, మీ అబ్బాయిని కూడా రమ్మంటున్నట్టు తెలిసినవాళ్ల ద్వారా కబురు వచ్చింది. వెళ్లాలా, ఉండాలా?

నా అభిప్రాయం ముందే చెప్తాను. ఆ కోచ్ అక్కడ లేకపోయినా ఆ రెండో కాలేజీలో మీ అబ్బాయిని చేర్చేవారా? చేర్చేవాళ్లమని మీరు తడుముకోకుండా చెప్పగలిగితేనే ఆలోచించండి. లేకపోతే సంతకం చేసిన చోటే ఉండనివ్వండి.

మాది నార్త్ కరోలినా. మా అమ్మాయికి కూడా సరిగ్గా ఇదే జరిగింది. హైస్కూల్ చివరి ఏడాది నవంబరులో సంతకం చేసింది, వేసవి మొదలయ్యేలోపే కోచ్ వెళ్లిపోయారు. ఆయన దాని ఆటను పదో తరగతి నుంచి చూస్తున్న మనిషి. మణికట్టు నొప్పితో అది సర్వీస్ మార్చుకోవలసి వచ్చినప్పుడు ఓపికగా ఫోనులో గంటల కొద్దీ మాట్లాడారు. అలాంటివారు వెళ్లిపోతున్నారంటే పిల్లలకు ఎంత బాధగా ఉంటుందో నాకు తెలుసు. దాన్ని చిన్నబుచ్చి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. టెన్నిస్ లాంటి చిన్న జట్టులో కోచ్ అంటే రోజూ ఎదురుగా ఉండే మనిషి. సింగిల్స్‌లో ఆరుగురు, డబుల్స్‌లో మూడు జంటలు. ఆ లైనప్‌లో ఎవరు ఉండాలో నిర్ణయించేది ఆయనే. కోచ్ ఎవరైతే ఏమిటి అనేవాళ్లు ఆ జట్లను దగ్గరగా చూసి ఉండరు.

కానీ కాగితం మాత్రం కాలేజీదే. మేము సంతకం చేసిన రోజుల్లో, ఫలానా కాలేజీలో చేరతానని ఆటగాళ్లు సంతకం చేసే నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్ అనే పత్రం ఉండేది. ఒప్పందం యూనివర్సిటీతోనే తప్ప కోచ్‌తో కాదని, కోచ్ వెళ్లిపోయినా అది చెల్లుతుందని దానిలోనే రాసి ఉండేది. 2024 అక్టోబరులో ఆ పత్రాన్ని ఎత్తేశారు. ఇప్పుడు దాని స్థానంలో ఆర్థిక సహాయ ఒప్పందం మీద సంతకం చేయిస్తున్నారు. అది కూడా కాలేజీ ఇచ్చేదే. ఇందులో మీకు మేలు చేసే సంగతి ఒకటుంది. ఆ ఒప్పందం ఎంత కాలానికి రాశారో అంత కాలం, ఆట బాగా లేదన్న కారణంతో స్కాలర్‌షిప్ తగ్గించడానికి వీల్లేదు. కొత్త కోచ్ వచ్చినా సరే. మీ ఒప్పందం ఒక్క ఏడాదికా, నాలుగేళ్లకా అన్నది ఇవాళే తీసి చూడండి. ఒక్క ఏడాదికైతే, రెండో ఏడాది ఇస్తారో లేదో జులై 1లోపు కాలేజీ చెప్పాలి.

ఇక ఆ కబురు సంగతి. సంతకం అయిన పిల్లవాడిని వేరే కాలేజీ కోచ్ సంప్రదించకూడదు. ఇప్పుడు మీ కోచ్ ‘వేరే కాలేజీ కోచ్’ అవుతున్నారు. మధ్యవర్తుల ద్వారా మాటలు నడిపితే చిక్కు మీ అబ్బాయి మెడకు చుట్టుకునే ప్రమాదం ఉంది. ప్రతి డివిజన్ 1 కాలేజీలోనూ కంప్లయన్స్ ఆఫీసు ఉంటుంది. నియమాలు చూసేది వాళ్లే. వాళ్లకు నేరుగా మెయిల్ రాయండి, అడగడంలో తప్పు లేదు. మేము రాసినప్పుడు రెండో రోజే జవాబు వచ్చింది, మర్యాదగానే వచ్చింది.

కోచ్ వెంట వెళ్లి వెలిగినవాళ్ల పేర్లు అందరూ చెప్తారు. 2021లో అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్ లింకన్ రైలీ ఓక్లహోమా వదిలి యూఎస్‌సీకి (సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీకి) వెళ్తే, క్వార్టర్‌బ్యాక్ (జట్టు దాడిని నడిపే ఆటగాడు) కేలెబ్ విలియమ్స్ ఆయన వెనకే వెళ్లి 2022లో, కాలేజీ ఫుట్‌బాల్‌లో మేటి ఆటగాడికి ఇచ్చే హైస్మన్ ట్రోఫీ గెలిచాడు. మరో ఫుట్‌బాల్ కోచ్ డియాన్ శాండర్స్ జాక్సన్ స్టేట్ నుంచి కొలరాడోకు మారినప్పుడు ట్రావిస్ హంటర్ కూడా వెళ్లి, 2024లో అదే ట్రోఫీ అందుకున్నాడు. ఇవి నిజాలే. అయితే వాళ్లిద్దరూ అప్పటికే ఆ కోచ్‌ల దగ్గర ఒక సీజన్ ఆడి, తామేమిటో నిరూపించుకున్నవాళ్లు. మీ అబ్బాయి ఇంకా కాలేజీ కోర్టులో అడుగు పెట్టలేదు. అతనితో పోల్చవలసింది మలాకై నెల్సన్‌ను. హైస్కూల్లో దేశంలోనే పేరున్న క్వార్టర్‌బ్యాక్ అతను. ఓక్లహోమాకు వస్తానని మాట ఇచ్చి, రైలీ మారగానే తానూ యూఎస్‌సీ వైపు తిరిగాడు. అక్కడికి చేరేసరికి ముందు వరసలో ఉన్నది అదే కేలెబ్ విలియమ్స్. ఆడే అవకాశం దాదాపు రాలేదు. ఒక్క సీజన్ తర్వాత బోయిసీ స్టేట్‌కు, అక్కడి నుంచి యూటెప్‌కు (ఎల్ పాసోలోని టెక్సస్ యూనివర్సిటీకి) మారాడు. కోచ్ అతన్ని ఇష్టపడలేదని కాదు. కోచ్‌కు తనకు తెలిసిన ఆటగాళ్లు అప్పటికే ఉన్నారు, అంతే.

కొలరాడోలోనే మరో సంగతి చూడండి. శాండర్స్ వచ్చాక 2023లో పాత జట్టు నుంచి యాభై మందికి పైగా వెళ్లిపోయారు. కొత్త చోట కోచ్ జట్టును తన కోసం మళ్లీ కట్టుకుంటారు. అందులో మీ అబ్బాయి ఎన్నో స్థానంలో ఉంటాడన్నది ఆయనే స్పష్టంగా చెప్పాలి.

డబ్బు విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే పురుషుల టెన్నిస్‌లో లెక్కలు ఈ మధ్యే మారాయి. మొన్నటి వరకు డివిజన్ 1 పురుషుల జట్టుకు గరిష్ఠంగా 4.5 స్కాలర్‌షిప్‌లే. వాటినే పిల్లలందరికీ ముక్కలు చేసి పంచేవారు. మహిళలకు 8 పూర్తి స్కాలర్‌షిప్‌లు ఉండేవి, ఆ తేడా వల్లే మా అమ్మాయికి కొంత సులువైంది. ఆటగాళ్లకు డబ్బు చెల్లించే విషయమై నడిచిన హౌస్ అనే కేసులో 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందం తర్వాత, అందులో చేరిన కాలేజీలకు స్కాలర్‌షిప్ పరిమితి పోయి, జట్టులో పదిమందే ఉండాలన్న పరిమితి వచ్చింది. ఆ పదిమందికీ పూర్తి స్కాలర్‌షిప్ ఇవ్వవచ్చు. ఇవ్వాలని మాత్రం లేదు. అదే ఒప్పందం కింద ఒక్కో కాలేజీ తన ఆటగాళ్లకు 2025-26లో 2.05 కోట్ల డాలర్ల దాకా నేరుగా చెల్లించవచ్చు. దానిలో అత్యధిక భాగం ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆటగాళ్లకే వెళ్తుంది. టెన్నిస్‌కు మిగిలేది కాలేజీని బట్టి ఉంటుంది. కాబట్టి “నీకు చోటు ఉంటుంది” అన్న కోచ్ మాటకు, యూనివర్సిటీ ఇచ్చే ఒప్పందపత్రంలో అంకె కనిపించే దాకా విలువ కట్టవద్దు. ఆయన మంచివారు కాదని నేను అనడం లేదు. ఆ డబ్బు ఆయన చేతిలో లేదు.

జట్టే లేకుండా పోయే రోజులు కూడా ఉన్నాయి. 2020లో అయోవా, మిన్నెసోటా యూనివర్సిటీలు రెండూ పురుషుల టెన్నిస్‌ను ఎత్తేశాయి. అలాంటిది జరిగితే మీ అబ్బాయికి మిగిలేది ఆ కాలేజీ చదువే.

ఎఫ్-1 వీసా సంగతి మాకు ఎదురు కాలేదు, మా అమ్మాయి ఇక్కడే పుట్టింది. మీకు మాత్రం ఇది పెద్ద విషయం. వీసా మీద ఉన్న కాలేజీ, మొదటిసారి దేశంలోకి వచ్చేటప్పుడు చూపించే ఐ-20 (విద్యార్థి వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రం) మీద ఉన్న కాలేజీ ఒకటే కావాలి. ఇప్పటికే వీసా ముద్ర పడి ఉంటే, కాలేజీ మారడం అంటే కొత్త ఐ-20తో మళ్లీ మొదలు పెట్టడమే కావచ్చు. ఆగస్టులోపు హైదరాబాద్ కాన్సులేట్‌లో తేదీ దొరుకుతుందా అన్నది మీకే బాగా తెలుస్తుంది.

మా అమ్మాయి అక్కడే ఉండిపోయింది. కొత్త కోచ్‌ను జులైలో నియమించారు. మొదటి ఏడాది దానికి తేలిగ్గా గడవలేదు. చాలా మ్యాచ్‌లు కూర్చుని చూసింది. రెండో ఏడాదికి నాలుగో సింగిల్స్‌లో స్థిరపడింది, కంప్యూటర్ సైన్స్ ఆగలేదు. అదే జట్టులో అప్పటికే ఏడాది ఆడిన ఒక అమ్మాయి ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే చోటు) ద్వారా పాత కోచ్ దగ్గరికి వెళ్లింది. అక్కడ ముందు వరసలో ఆడింది, ఆట చాలా మెరుగుపడింది. అయితే ఇంజనీరింగ్ క్రెడిట్లు కొన్ని అక్కడ చెల్లలేదు. కాలేజీ క్రీడలను నడిపే సంఘం ఎన్‌సీఏఏ నియమం ప్రకారం రెండో ఏడాది ముగిసేసరికి డిగ్రీలో 40 శాతం, మూడో ఏడాదికి 60 శాతం పూర్తి కావాలి. ఆ లెక్క కుదరక తను ఇంజనీరింగ్ వదిలి వేరే సబ్జెక్టుకు మారింది. తనకు బాధేమీ లేదని ఇప్పటికీ అంటుంది, ఆ మాట నేను నమ్ముతాను. తనకు ఆటే ముఖ్యం. మీ అబ్బాయికి ఏది ముఖ్యమో అతన్నే అడగండి, మీరు పక్కన లేనప్పుడు ఆలోచించుకోవడానికి రెండు రోజులు ఇవ్వండి.

ఒక సందర్భంలో మాత్రం నా సలహా వేరుగా ఉంటుంది. ఆ రెండో కాలేజీ చదువులో మొదటిదాని కంటే నిజంగా మేలైనదై, అతను అనుకున్న కోర్సు అక్కడ ఉండి, స్కాలర్‌షిప్ కాగితం చేతికి వచ్చి, పాత కాలేజీ అభ్యంతరం లేదని రాసి ఇస్తే వెళ్లనివ్వండి. ఒక్క ఏడాది ఆలస్యమైనా ఫర్వాలేదు. ఇప్పుడు సంతకం చేసిన చోట ఒక సీజన్ ఆడి, అప్పుడు పోర్టల్ ద్వారా వెళ్లే దారి కూడా మూసుకుపోదు. 2024 నుంచి చదువు సక్రమంగా ఉన్న ఆటగాళ్లు కాలేజీ మారితే ఏడాది ఖాళీగా కూర్చోవలసిన అవసరం లేదు. అందుకే తొందరపడవద్దంటున్నాను.

ఈ వారంలో కంప్లయన్స్ ఆఫీసుకు మెయిల్, అథ్లెటిక్ డైరెక్టర్‌తో ఒక ఫోను కాల్. కొత్త కోచ్ ఎంపిక ఎప్పుడవుతుంది, ఇప్పటికే సంతకం చేసిన పిల్లలతో ఆయన ఎప్పుడు మాట్లాడతారు అని అడగండి. వాళ్లు చెప్పిన తీరు ఎలా ఉందో ఇక్కడ రాస్తే, తర్వాత ఏం అడగాలో నాకు తెలిసినంత చెప్తాను.