పాఠకుల ప్రశ్నలు: గుండె స్పెక్ట్‌కు ఏ పద్ధతి పెట్టాలి?

ప్రశ్న: పెరంబూరులో ఉంటూ చెన్నైలోనే న్యూక్లియర్ మెడిసిన్ టెక్నాలజీ చదువుతున్నాను. గుండె స్పెక్ట్‌కు (కెమెరా ఒంటి చుట్టూ తిరుగుతూ తీసే గామా స్కాన్) ఒక సీనియర్ స్టెప్ అండ్ షూట్ (ఆగి ఆగి తీయడం) పెట్టమంటారు, ఇంకొకరు కంటిన్యువస్ (ఆగకుండా తిరుగుతూ తీయడం) అంటారు. లయ తప్పిన పేషెంట్లకు లిస్ట్ మోడే మేలని మరొకరు. ఎవరి మాట వినాలి?

జవాబు: మొదటి ఇద్దరిదీ చిన్న తగవే. రెండు డిటెక్టర్లు 90 డిగ్రీల కోణంలో ఉంటే, 3 డిగ్రీలకొకటి చొప్పున ఒక్కోటీ 30 చోట్ల ఆగుతుంది. చోటుకు 25 సెకన్లంటే పన్నెండున్నర నిమిషాలు. స్టెప్ అండ్ షూట్‌లో కెమెరా జరిగినప్పుడల్లా 2, 3 సెకన్లు కౌంట్లు (కెమెరా లెక్కపెట్టే గామా కిరణాలు) పడవు. అలా నిమిషం, నిమిషంన్నర పోతుంది. కంటిన్యువస్‌లో ఆ నష్టం లేదు గానీ బొమ్మ రవ్వంత అలుక్కుంటుంది. కొలిమేటర్ (డిటెక్టర్ ముందుండే రంధ్రాల పలక) వల్ల ఎలాగూ వచ్చే మసక ముందు అదెంత! భుజం నొప్పితో చేతులు పైకి పెట్టుకుని పడుకోలేని పెద్దవాళ్లకు కంటిన్యువస్సే పెట్టండి.

అసలు చిక్కు గేటింగ్‌లో (ఈసీజీని బట్టి గుండె స్పందనను దశలుగా విడదీసి తీయడం) ఉంది. ఫ్రేమ్ మోడ్‌లో ఒక్కో స్పందనను 8 లేదా 16 ముక్కలుగా అప్పటికప్పుడే కోసి పెట్టేస్తారు. నిమిషానికి 60 సార్లు కొట్టుకునే గుండెకు 20 శాతం విండో (ఒప్పుకునే తేడా, అటూ ఇటూ పదేసి శాతం) పెడితే 900 నుంచి 1100 మిల్లీసెకన్ల మధ్య ఉన్న స్పందనలే లోపలికి వెళ్తాయి. ఎక్టోపిక్ (వేళకు ముందే వచ్చే స్పందన) పడితే అదీ పోతుంది, దాని వెనక వచ్చే పొడుగు స్పందనా పోతుంది. ఒక కోణంలో 25 స్పందనలకు 22 దక్కి, పక్క కోణంలో 15 దక్కాయనుకోండి, సినీలో (కోణాల బొమ్మలను వరసగా ఆడించి చూసినప్పుడు) గుండె మిణుకుమిణుకుమంటుంది. ఆ హెచ్చుతగ్గులే రీకన్‌స్ట్రక్షన్‌లో (కోణాల బొమ్మలను కలిపి గుండె బొమ్మ కట్టడంలో), నిజానికి లేని డిఫెక్టును (రక్తం తక్కువ అందినట్టు కనిపించే చోటు) చూపించగలవు. అందుకే రక్తప్రసరణ చూడడానికి ఏ స్పందననూ వదలని గేటింగ్ లేని సెట్ పక్కన తప్పక ఉండాలి.

లిస్ట్ మోడ్‌లో ప్రతి గామా కిరణం ఎక్కడ తగిలిందో, ఎప్పుడు తగిలిందో, ఆర్ వేవ్ (ఈసీజీలో ఒక్కో స్పందనకు పడే మొన) గుర్తులతో సహా వరసగా నమోదవుతుంది. విండో ఎంత, ఫ్రేములెన్ని అన్నది స్కాన్ అయ్యాక తీరిగ్గా తేల్చుకోవచ్చు. ఫైలు మాత్రం బరువు. మీ కెమెరాలో ఆ సౌకర్యం ఉంటే ఎక్టోపిక్కులున్న వాళ్లకు వాడండి. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ పూర్తిగా గతి తప్పడం) ఉంటే ఏ మోడ్‌లో తీసినా ఈఎఫ్ (ఒక్కో స్పందనకు గుండె బయటికి నెట్టే రక్తం శాతం) అంకెను గట్టిగా నమ్మొద్దు.

ఒక్కటి గుర్తుంచుకోండి: ఎత్తయిన టీ వేవ్‌ను (ఆర్ తర్వాత వచ్చే అల) మెషీన్ ఆర్ అనుకుంటే లిస్ట్ మోడ్‌లోనూ తప్పు గుర్తులే పడతాయి. తెర మీద హార్ట్ రేట్ నాడికి రెట్టింపు కనిపిస్తే ఈసీజీ లీడ్ మార్చండి. చెన్నై ఉక్కలో ఎలక్ట్రోడ్లు జారతాయి. చెమట తుడిచి, స్పిరిట్ ఆరాకే అంటించండి.

ప్రశ్న: గుండెకు 180 డిగ్రీలే ఎందుకు, చుట్టూ 360 తీస్తే మంచిది కాదా? (బెంగళూరు, మారతహళ్లి నుంచి)

జవాబు: గుండె ఎడమవైపు, ముందుకు ఉంటుంది. వెనక నుంచి తీస్తే వెన్నెముక, బల్ల అడ్డొచ్చి కౌంట్లు తగ్గి కాంట్రాస్ట్ చెడుతుంది. అందుకే ఆర్ఏఓ 45 (కుడి ముందు ఏటవాలు) నుంచి ఎల్పీఓ 45 (ఎడమ వెనక ఏటవాలు) దాకా తీస్తారు. గుండె కుడివైపున్న వాళ్లకు ఎల్ఏఓ 45 (ఎడమ ముందు) నుంచి ఆర్పీఓ 45 (కుడి వెనక) దాకా తిప్పాలి. ఇది స్కాన్ మొదలెట్టక ముందే అడిగి తెలుసుకోవాల్సిన సంగతి.