మెయిన్‌ఫ్రేమ్ పాతదే, మీ అమ్మాయి పని మాత్రం పాతది కాదు

గుంటూరు నుంచి ఒక తండ్రి అడిగారు: "మా అమ్మాయి బీటెక్ సీఎస్ఈ మూడో ఏడు. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ని మెయిన్‌ఫ్రేమ్‌కి పోర్ట్ చేస్తున్నానని రాత్రి ఒంటిగంట దాకా కూర్చుంటోంది. పైసా రాదు. దీనికి ఉద్యోగాలున్నాయా?"

సార్, మెయిన్‌ఫ్రేమ్ అంటే బ్యాంకుల్లాంటివి వాడే పెద్ద కంప్యూటర్, ఒక రకం కంప్యూటర్ కోసం రాసిన ప్రోగ్రామ్‌ని ఇంకో రకం మీద నడిచేలా మార్చడం పోర్ట్ చేయడం. అమీర్‌పేట బోర్డుల మీద మీరు చూసిన మెయిన్‌ఫ్రేమ్ కోర్సు అంటే కోబాల్, జేసీఎల్ అనే పాత భాషలు. మీ అమ్మాయిది ఆ దారి కాదు. ఆ మెషీన్ల మీదే లినక్స్ అనే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ నడిచేలా ఐబీఎం 1999 చివర్లో కోడ్ బయటపెట్టింది, ఇవాళ రెడ్‌హ్యాట్, సుసే, ఉబుంటు అనే లినక్స్ రకాలన్నీ వాటి మీద నడుస్తాయి. ఆ ప్రాసెసర్ రకాన్ని ఎస్390ఎక్స్ అంటారు.

చిక్కేమిటంటే, ల్యాప్‌టాప్ కోసం రాసిన ప్రోగ్రామ్ అక్కడ శుభ్రంగా కంపైల్ అయి (మెషీన్ భాషలోకి మారి) కూడా లెక్క తప్పచ్చు. మెమరీలో సంఖ్యని బైట్లు అనే ముక్కలుగా దాస్తారు. ల్యాప్‌టాప్‌లోని ఇంటెల్ చిప్ చిన్న స్థానం (ఒకట్ల వైపు) బైట్‌ని ముందు పెడుతుంది, మెయిన్‌ఫ్రేమ్ పెద్ద స్థానాన్ని ముందు పెడుతుంది. ల్యాప్‌టాప్ నాలుగు బైట్లలో 1 అని ఫైల్లో రాసిందాన్ని మెయిన్‌ఫ్రేమ్ అలాగే చదివితే 1,67,77,216 అవుతుంది. బ్యాంకు బ్యాలెన్స్ అయితే పండగే! (మన శాసనాలు కొన్నిట్లో శక సంవత్సరాన్ని అంకెలకు బదులు సంకేత పదాల్లో చెప్పేటప్పుడు ఒకట్ల నుంచి మొదలుపెట్టేవారు, అది తెలియకుండా చదివితే ఏమవుతుందో ఇదీ అంతే.) ఇంకోటి, సి భాషలో చార్ అనే ఒక బైట్ డేటా రకం ఇంటెల్ మీద మైనస్ విలువలు పట్టుకుంటుంది, మెయిన్‌ఫ్రేమ్ మీద పట్టుకోదు, కాబట్టి చార్‌లో -1 వచ్చేదాకా తిరగమన్న లూప్ ఇక ఆగదు. ఆర్మ్ అనే ఇంకో రకం చిప్ మీద లినక్స్‌లోనూ చార్ తీరు ఇదే, అంటే నేర్చుకున్నది ఒక్క మెయిన్‌ఫ్రేమ్‌కే పరిమితం కాదు.

ఉద్యోగాల సంగతి దాచకుండా చెప్తాను. ఈ పేరుతో ఫ్రెషర్లకు ప్రకటనలు అరుదు. కానీ కంపైలర్, కెర్నల్, డేటాబేస్ టీముల్లో ఇంటర్వ్యూ చేసేవాళ్లకు ఇలాంటి బగ్ పట్టుకున్న పిల్లలు కనిపిస్తే వదలరు. పది సర్టిఫికెట్ల కన్నా ప్రాజెక్టు వాళ్లు ఒప్పుకుని కలుపుకున్న ఒక్క ప్యాచ్ (కోడ్ సవరణ) లింకు రెజ్యూమెలో బరువుగా ఉంటుంది. అలాగని క్యాంపస్ ప్రిపరేషన్, డేటా స్ట్రక్చర్స్ వదిలేస్తే మాత్రం నేను మీ వైపే. వారానికి రెండు రాత్రులు చాలు.

డబ్బు ఖర్చేమీ లేదు. క్యూఈఎంయూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ల్యాప్‌టాప్‌లోనే ఆ ప్రాసెసర్‌ని అనుకరించచ్చు, నత్తనడక అనుకోండి. లినక్స్ ఫౌండేషన్ కింద 2015లో మొదలైన ఓపెన్ మెయిన్‌ఫ్రేమ్ ప్రాజెక్ట్ విద్యార్థులకు మెంటార్‌షిప్ కూడా నడుపుతోంది, దానికి అప్లై చేయమనండి.

ఈ ఆదివారం పక్కన కూర్చుని "ఏ టెస్ట్ ఫెయిలైందమ్మా, ఎందుకు?" అని అడగండి. మీకు అర్థమయ్యేలా చెప్పిందంటే టెన్షన్ పడకండి. నీళ్లు నమిలితే అప్పుడు మళ్లీ రాయండి.