‘దేవుడై యుండెను’ అంటే ‘దేవుడయ్యెను’ అనా?

సందేహం: యోహాను సువార్త మొదటి వచనంలో ‘వాక్యము దేవుడై యుండెను’ అని ఉంది (వాక్యమంటే దేవుని కుమారుడైన క్రీస్తేనని క్రైస్తవుల నమ్మకం). ‘అయి’ అంటే మునుపు కానిది తరవాత కావడమే కదా. అలాగైతే వాక్యం దేవుడు కాని కాలం ఒకటి ఉండాలి. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒకే దేవుడనే సిద్ధాంతానికి వాడే, బైబిల్లో ఎక్కడా కనబడని ‘త్రిత్వము’ అనే మాటను పక్కన పెట్టి, ఉన్నది ఉన్నట్టు చదివితే ఆ సిద్ధాంతం ఈ వచనం దగ్గరే వీగిపోదా? ‘త్రియేక దేవుడు’ అనే మాటకు సంధి కూడా కుదరదని మా ఊరి తెలుగు మాస్టారు అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, రాజోలు

సమాధానం: మీ వాదమంతా ‘ఐ’ అనే ఒక్క అసమాపక క్రియ మీద నిలబడి ఉంది కాబట్టి ముందుగా దాని సంగతి చూద్దాం. ‘అగు’ ధాతువు తెలుగులో రెండు పనులు చేస్తుంది. ‘పాలు పెరుగయ్యాయి’ అన్నప్పుడు అది మార్పును చెబుతుంది. ‘గోదావరి పాయల్లో ఒకటైన వశిష్ఠ అంతర్వేది దగ్గర సముద్రంలో కలుస్తుంది’ అన్నప్పుడు మార్పు ప్రసక్తే లేదు. వశిష్ఠ ఏమిటో చెప్పడానికే అక్కడ ‘అయిన’ వచ్చింది. మీ బైబిల్లోనే ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయం 4వ వచనం తీసి చూడండి: ‘మన దేవుడైన యెహోవా అద్వితీయుడగు యెహోవా’. యెహోవా ఒకనాడు దేవుడు కాడనీ, తరవాత అయ్యాడనీ ఈ వాక్యాన్ని ఎవరూ అర్థం చేసుకోరు. అక్కడ ‘అయిన’, ‘అగు’ చేస్తున్న పనినే యోహాను మొదటి వచనంలో ‘ఐ’ చేస్తోంది.

పైగా ‘ఐ’కి ‘ఉండు’ తోడైతే స్థితి అనే అర్థం ఇంకా గట్టిపడుతుంది. ‘రాజయ్యెను’ అంటే పట్టాభిషేకం; ‘రాజై యుండెను’ అంటే ఏలుతూ ఉన్న కాలం. ఆ రాజు ఎప్పుడో ఒకప్పుడు రాజు అయ్యే ఉంటాడు గదా అని మీరు అనవచ్చు. నిజమే గాని, ఆ సంగతి రాజుల గురించి మనకున్న లోకజ్ఞానం వల్ల తెలిసినదే తప్ప ఆ క్రియ చెప్పినది కాదు.

అయితే మీ సందేహం ఊరకే పుట్టలేదు. అదే అధ్యాయం 14వ వచనంలో ‘ఆ వాక్యము శరీరధారియై’ అని ఉంది. ఇక్కడి ‘ఐ’ నిజంగా మార్పునే చెబుతుంది. గ్రీకు మూలంలో ఈ రెండు చోట్లా వేరువేరు క్రియలున్నాయి: మొదటి వచనంలో ‘ఉండెను’ అనే అర్థమిచ్చే ‘ఏన్’, 14వ వచనంలో ‘ఆయెను’ అనే అర్థమిచ్చే ‘ఎగెనెతో’. మనకు రెంటికీ ‘అగు’ ధాతువే దిక్కు కావడంతో, మూలంలో స్పష్టంగా ఉన్న భేదం తెలుగులో చెరిగిపోయింది. కుమారుడు, అంటే ఈ వాక్యం, లేని కాలం ఒకటి ఉండేదన్న అరియస్ అనే క్రైస్తవ గురువు వాదాన్ని 325లో నైసియాలో కూడిన క్రైస్తవ మతపెద్దల సభ ఖండించింది. ఆ వాదం తప్పో ఒప్పో గాని, దానికి మన ‘ఐ’ సాక్ష్యం చెప్పజాలదు.

అంతమాత్రాన ఈ వచనపు తెలుగు త్రిత్వాన్ని నిరూపిస్తుందని ఎవరైనా అంటే అదీ ఒప్పుకోలేను. గ్రీకులో ‘వాక్యము దేవునియొద్ద ఉండెను’ అన్నచోట ‘దేవుడు’కు ముందు ఉపపదం (ఇంగ్లీషులో ‘the’ లాంటిది) ఉంది, ‘దేవుడై యుండెను’ అన్నచోట లేదు. ‘దేవుడు’ అనాలా, ‘ఒక దేవుడు’ అనాలా అన్న తగాదా అంతా దాని చుట్టూనే తిరుగుతుంది. ఆ ఉపపదమే లేని తెలుగులో ఆ తగాదా తీరదు. అలాగే ‘ఉండెను’ అనే గ్రాంథిక రూపం మనిషికీ చెట్టుకూ ఒకటే కాబట్టి మొదటి వచనంలో వాక్యం వ్యక్తి అవునో కాదో తేలదు. రెండో వచనంలో ‘ఆయన ఆదియందు దేవునియొద్ద ఉండెను’ అని అనువాదకులు ‘ఆయన’ వేయగానే తేలిపోతుంది. గ్రీకులో వాక్యానికి వాడిన మాట వ్యాకరణరీత్యా పుంలింగం గనుక దానికి తగిన సర్వనామం వచ్చింది. తెలుగులో ‘ఆయన’ అంటే మాత్రం వ్యక్తే. అనువాదంలో ఉన్నది ఉన్నట్టు చదవడమంటే అనువాదకుడి నిర్ణయాన్ని కూడా చదవడమే.

‘నేనును తండ్రియును ఏకమై యున్నాము’ (యోహాను 10:30) అన్నచోట మాత్రం తెలుగు మూలాన్ని చక్కగా పట్టింది. గ్రీకులోనూ ‘ఏకము’ నపుంసకమే, క్రియ బహువచనమే. వరద రోజుల్లో ‘ఊరంతా ఏకమై ఏటిగట్టు కాపాడుకుంది’ అంటాం. అది మనసులు కలవడం. తత్త్వంలో ఒకటి కావడాన్నీ ఈ మాటతోనే చెప్పవచ్చు. 17:22లో యేసు తన శిష్యుల గురించి కూడా ‘మనము ఏకమై యున్నలాగున వారును ఏకమై యుండవలెనని’ ప్రార్థించాడు కాబట్టి ఏ ఏకత్వమో సందర్భం తేల్చాలి గాని వ్యాకరణం తేల్చదు.

మీరు నిజంగా సిద్ధాంతాన్నే ప్రశ్నించదలిస్తే ‘ఐ’ని వదిలిపెట్టి ‘తండ్రి నాకంటె గొప్పవాడు’ (14:28), ‘అద్వితీయ సత్యదేవుడవైన నిన్నును’ (17:3) అనే వాక్యాలను ముందు పెట్టుకోండి. వాటి తెలుగులో మెలిక లేదు. అదే సువార్త 20వ అధ్యాయంలో తోమా యేసుతో ‘నా ప్రభువా, నా దేవా’ అన్న మాటలోనూ మెలిక లేదు. దానికీ జవాబు చెప్పుకోవాలి. 1836లో మన దేశానికి వచ్చి, నరసాపురం కేంద్రంగా గోదావరి డెల్టా మిషన్‌కు పునాది వేసిన బౌడెన్, బీర్ దొరల బ్రదరన్ సంఘాలు విశ్వాస ప్రమాణాలను వల్లించకుండా లేఖనాన్నే పట్టుకున్నాయి. అయినా త్రిత్వాన్ని నమ్మాయి. సాదాగా చదివిన వాళ్ళందరూ ఒకే రేవుకు చేరలేదన్నమాట.

ఇక ‘త్రిత్వము’ బైబిల్లో లేదన్నది నిజమే. అది సిద్ధాంతానికి పెట్టిన పేరు. పేరు లేఖనంలో లేనంత మాత్రాన విషయం ఉందనీ తేలదు, లేదనీ తేలదు. ‘త్రియేక’ విషయంలో మీ మాస్టారు చెప్పింది సంస్కృత సూత్రం ప్రకారం సరైనదే: త్రి, ఏక కలిస్తే యణాదేశం (ఇకారం స్థానంలో య-కారం) వచ్చి ‘త్ర్యేక’ కావాలి. కాని ‘త్ర్యంబక’కు ‘త్రియంబక’ అనే రూపం సంస్కృత కావ్యాల్లోనే ఉంది. తెలుగువారి నోట యడాగమంతో ‘త్రియేక’ స్థిరపడింది కాబట్టి దాన్ని దిద్దనక్కరలేదు. కతోలికులు వాడే ‘త్రిత్వైక సర్వేశ్వరుడు’లో ఆ చిక్కే లేదు, అది వృద్ధి సంధి.