నేరాల రేటును ఎలా చదవాలి? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే దిగులు చుట్టూ తిరిగాయి. అందుకే ఈ పేజీ మొత్తం వాటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మాయి కడపలో డిగ్రీ పూర్తి చేసి, పై చదువుకు సెప్టెంబరులో ఇంగ్లండ్ వెళ్తోంది. ఉండబోయేది పాతిక వేల జనాభా ఉన్న చిన్న పట్టణం. ఆ ఊరి గురించి వెతికితే నేరాల రేటు వెయ్యి మందికి 110 అని కనిపించింది. మన దేశంలో లక్షకు 422 అని చదివాను, అంటే వెయ్యికి నాలుగే. ఆ చిన్న ఊరు మన దేశం కంటే పాతిక రెట్లు ప్రమాదకరమా? ధైర్యం కోసం పెట్టెలో ఒక పెప్పర్ స్ప్రే పెట్టాను. అయినా నాకు, ఇంట్లో వాళ్లకు నిద్ర పట్టడం లేదు. – ఒక తండ్రి, ఎర్రముక్కపల్లె, కడప

జవాబు: లెక్కల సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ స్ప్రే డబ్బాను పెట్టెలోంచి తీసేయండి. మన దగ్గర ఎవరైనా కొనుక్కోగలిగిన ఆ వస్తువును ఇంగ్లండ్‌లో 1968 నాటి ఆయుధాల చట్టం నిషిద్ధ ఆయుధంగా పరిగణిస్తుంది. ఆత్మరక్షణ కోసమని చెప్పినా సరే, దగ్గర ఉంచుకోవడమే నేరం కాబట్టి, మీరు ప్రేమతో పెట్టిన డబ్బా వల్ల మీ అమ్మాయే కేసులో ఇరుక్కునే ప్రమాదం ఉంది. దానికి బదులు, పిన్ను లాగితే చెవులు చిల్లులు పడేలా కూత పెట్టే చిన్న అలారం అక్కడ దుకాణాల్లోనే దొరుకుతుంది. తాళం చెవుల గుత్తికి తగిలించుకోవచ్చు, చట్టం అడ్డు చెప్పదు.

ఇక 422 సంగతి. జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 సంవత్సరానికి ప్రకటించిన లెక్క అది. మీరు వేసిన భాగాహారమూ సరైనదే. ఇంగ్లండ్, వేల్స్‌లలో మోసాలను పక్కన పెట్టినా పోలీసులు నమోదు చేసే నేరాలు ఇటీవలి సంవత్సరాల్లో వెయ్యి మందికి 90కి అటూ ఇటూగా ఉంటున్నాయి కనుక, మీ అమ్మాయి వెళ్తున్న ఊరు ఆ దేశపు సగటు కంటే కొంచెం ఎక్కువలో ఉంది తప్ప వింతగా ఏమీ లేదు. అయితే రెండు దేశాల మధ్య కనిపిస్తున్న ఈ ఇరవై రెట్ల తేడా చాలావరకు నేరాలను రాసుకోవడంలో ఉన్న తేడాయే. దాన్ని పట్టుకోవాలంటే దాచడానికి వీలులేని నేరాన్ని చూడాలి. సైకిలు పోతే స్టేషన్‌కు వెళ్లనివారు ఉంటారు కానీ, మనిషిని చంపితే కేసు రాయకుండా ఉండడం కష్టం. 2022లో మన దేశంలో 28,522 హత్య కేసులు నమోదయ్యాయి, అంటే లక్ష మందికి 2.1. ఇంగ్లండ్, వేల్స్‌లలో అది లక్షకు దాదాపు ఒకటి. నేరాల మొత్తం లెక్కలో మనకంటే ఇరవై రెట్లు భయంకరంగా కనిపించే దేశం, హత్యల్లో మనలో సగం దగ్గరే ఉంది. మన ఇళ్లలో ఫోను పోయినా, ఆడపిల్ల వెంట ఎవడైనా పడినా "స్టేషన్ మెట్లు ఎక్కడం ఎందుకులే" అనుకోవడం మీకు తెలియనిది కాదు. అక్కడ పాత సైకిలు పోయినా, బీమా సొమ్ముకు పోలీసులు ఇచ్చే కేసు నంబరు కావాలి కాబట్టి ఫిర్యాదు చేస్తారు.

అక్కడి పోలీసులు కూడా మొదటి నుంచీ అన్నీ రాసేవారు కాదు. ప్రజలు చెప్పిన నేరాల్లో 19 శాతం పుస్తకాలకే ఎక్కడం లేదని పోలీసు తనిఖీ విభాగం 2014లో తేల్చింది. పోలీసు లెక్కలకు ఉన్న "జాతీయ గణాంకాలు" అనే హోదాను కూడా అదే ఏడాది తొలగించారు. ఆ దెబ్బతో స్టేషన్లు సక్రమంగా రాయడం మొదలుపెట్టగానే అంకెలు పైకి లేచాయి. ఇళ్లకు వెళ్లి మనుషులనే నేరుగా అడిగే సర్వే ఒకటి 1982 నుంచి జరుగుతోంది. దాని ప్రకారం దొంగతనాలు, కొట్లాటలు 1990ల మధ్యలో తారస్థాయికి చేరి, ఆ తర్వాత చాలా తగ్గాయి. అందువల్ల రేటు పెరిగిన ఊరల్లా చెడిపోయిన ఊరని అనుకోకూడదు, ఫిర్యాదును తిప్పి పంపని స్టేషన్ ఉన్న ఊరు కూడా కావచ్చు. ఆ సర్వేకూ ఒక లోపం ఉంది, మీరు గమనించవలసినదే: విద్యార్థుల వసతి గృహాల్లో ఉండేవారిని అది అడగదు.

ఆ 110 లోపల ఏముందో చూడకుండా బయటి అంకెను చూసి భయపడడం న్యాయం కాదు. ఇంగ్లండ్ పోలీసులు నెలనెలా వీధుల వారీగా నేరాల పటం ప్రచురిస్తారు. అందులో "హింస, లైంగిక నేరాలు" అన్న వర్గం అన్నిటికంటే పెద్దదిగా కనిపించి గుండె జారుతుంది. కానీ దెబ్బ తగలని తోపులాట, వెంటపడి వేధించడం, బెదిరిస్తూ పంపిన సందేశం కూడా అందులోకే వస్తాయి. అవి చిన్న విషయాలని అనడం లేదు. కత్తిపోటుతో కలిపి ఒకే ముద్దగా చదవవద్దని మాత్రమే అంటున్నాను. దుకాణాల్లో సరుకులు ఎత్తుకుపోవడం మరో పెద్ద వాటా, 2024లో నమోదైన ఆ కేసులే ఐదు లక్షలు దాటాయి. తాగి గొడవ చేయడం, రాత్రివేళ రచ్చ వంటి అల్లరి పటంలో విడిగా ఉంటుంది, కొన్ని వెబ్‌సైట్లు దాన్నీ కలిపేసి రేటు కడతాయి. పైగా పటంలో చుక్క పడిన చోటే నేరం జరిగిందని కూడా కాదు. బాధితుల ఇల్లు తెలియకుండా ఉండడానికి, కనీసం ఎనిమిది చిరునామాలు ఉన్న దగ్గరి బిందువుకు దాన్ని జరుపుతారు.

భాజకం సంగతి కూడా చూడండి. మన వై.వి. వీధినే తీసుకుందాం. పండగ ముందు అక్కడికి వేలమంది వస్తారు, కాపురం ఉండేది కొద్దిమంది. ఆ రద్దీలో పోయిన పర్సులన్నిటినీ అక్కడ కాపురం ఉండేవారి సంఖ్యతో భాగిస్తే, కడపలో అంతకంటే ప్రమాదకరమైన వీధి ఉండదు. చుట్టుపక్కల పల్లెలన్నిటికీ సంతలాంటి చిన్న పట్టణానికి ఇంగ్లండ్‌లో సరిగ్గా ఇదే జరుగుతుంది. జనాభా తక్కువైతే మరో చిక్కు ఉంది. లింకన్‌షైర్‌లోని బోస్టన్ ప్రాంతంలో డెబ్బై వేల దాకా జనం ఉంటారు. 2016లో అది ఇంగ్లండ్, వేల్స్‌లలో అత్యధికంగా హత్యలు జరిగే ఊరని పత్రికలు పెద్ద అక్షరాలతో రాశాయి. ఆ లెక్కలో హత్యలతో పాటు హత్యాయత్నాలను కూడా కలిపారు. అంత తక్కువ జనంలో నాలుగైదు సంఘటనలు పెరిగినా రేటు ఆకాశానికి ఎగురుతుంది, మరుసటి ఏడు అవి తగ్గితే కింద పడుతుంది. శీర్షిక మాత్రం ఆ ఊరి పేరును వదలదు.

ఆ బాధ ఎలాంటిదో కడపవాళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు. హైదరాబాదులోనో చెన్నైలోనో గది అద్దెకు అడుగుతూ ఊరి పేరు చెప్పగానే, బాంబులు, వేటకొడవళ్లు అంటూ ఎదుటివారి ముఖం మారడం నేను స్వయంగా చూశాను. ఫ్యాక్షన్ లేదని నేననను, దానికి బలైన కుటుంబాలు మన మధ్యే ఉన్నాయి. అయితే అది ఏ ఊళ్లలో, ఎవరి మధ్య, దేని కోసం జరిగిందో తెలిసిన మనం, ఏడు రోడ్ల కూడలిలో రాత్రి తొమ్మిదికి పిల్లలతో నిలబడి ఐస్‌క్రీమ్ తినడానికి భయపడలేదు. మన ఊరి విషయంలో ఎవరు, ఎక్కడ, ఎందుకు అని విడదీసి చూసినట్టే ఆ ఊరినీ చూడమని మిమ్మల్ని కోరుతున్నాను.

అలా చూస్తే కొన్ని భయాలు నిజమైనవే. పటంలో కనిపించని మోసం వాటిలో మొదటిది. సర్వే లెక్కలో మొత్తం నేరాల్లో దాదాపు ఐదింట రెండు వంతులు మోసాలే, వాటిని జాతీయ స్థాయిలో విడిగా నమోదు చేస్తారు కనుక ఏ వీధి మీదా చుక్క పడదు. చూడని ఇంటికి ముందే అడ్వాన్సు పంపించుకునేవాళ్లు, వీసా అధికారులమంటూ ఫోను చేసి జరిమానా కట్టమని బెదిరించేవాళ్లు కొత్తగా దిగిన మన పిల్లలకోసమే కాచుకుని ఉంటారు. ఫోనులో అలా డబ్బు అడిగేవారు అధికారులు కారని మీ అమ్మాయికి ఇప్పుడే చెప్పండి. రెండోది జాతి ద్వేషం. 2024 వేసవిలో సౌత్‌పోర్ట్‌లో చిన్నపిల్లల హత్య జరిగిన తర్వాత ఎన్నో పట్టణాల్లో వలస వచ్చినవారి మీద అల్లర్లు చెలరేగాయి. రంగునో జాతినో చూసి చేసిన దాడికి అదనపు శిక్ష ఉండాలని అక్కడ 1998 నుంచి చట్టం ఉంది, కాబట్టి వీధిలో ఎవరైనా తిట్టినా "మనకెందుకులే" అని వదిలేయకుండా ఫిర్యాదు చేయాలి.

మూడోది నేరం కాదు గానీ నేరమంత భయపెడుతుంది. డిసెంబరులో అక్కడ సాయంత్రం నాలుగు గంటలకే చీకటి పడుతుంది, చిన్న ఊళ్లలో ఐదూ ఆరుకల్లా దుకాణాలు మూసేస్తారు. వీధిలో జనం ఉంటేనే ధైర్యమని పెరిగిన మన పిల్లలకు, ఆ నిర్మానుష్యమే ప్రమాదంగా తోస్తుంది. నిజానికి ఆ ఊళ్లలో జాగ్రత్త పడవలసిన వేళ శుక్ర, శనివారాల అర్ధరాత్రి, మద్యశాలలు మూసేటప్పుడు. ఆ దారి తప్పించుకుని వెళ్లమనండి. ఇల్లు చూసేటప్పుడు కాలేజీ నుంచి, బస్టాపు నుంచి ఆ ఇంటికి వచ్చే దారిలో దీపాలు ఉన్నాయో లేదో సాయంత్రం ఐదుకు నడిచి చూడమనండి. ఆపదలో 999, తొందర లేని ఫిర్యాదుకు 101. మాట్లాడలేని పరిస్థితిలో సెల్‌ఫోను నుంచి 999 కొట్టి, అడిగినప్పుడు 55 నొక్కితే కాల్ పోలీసులకు చేరుతుంది. ఈ చివరి సంగతిని అమ్మాయి చేత ఒకసారి పైకి చెప్పించండి.

ప్రశ్న: పెళ్లయి మా కూతురు ఇంగ్లండ్ వెళ్తోంది. పెట్టిన నగలు ఆమె దగ్గరే ఉండాలని నా కోరిక. కాసుల పేరు, వంకీలు, వడ్డాణం అన్నీ పంపవచ్చా? – ఒక తల్లి, ప్రొద్దుటూరు

జవాబు: బంగారానికి పేరుమోసిన ఊరి తల్లి అడిగారు కనుక సూటిగా చెబుతున్నాను: పంపకండి అమ్మా. భారతీయుల, పాకిస్తానీయుల, బంగ్లాదేశీయుల ఇళ్లలో మేలిమి బంగారం ఉంటుందని అక్కడి దొంగలకు బాగా తెలుసు. దీపావళి రోజుల్లో మనవాళ్ల ఇళ్లను హెచ్చరిస్తూ పోలీసులే ప్రకటనలు చేస్తుంటారు. కరిగించిన వంకీకి ఆనవాలు ఉండదు, పోతే దొరకడం అరుదు. అక్కడి పెద్ద బ్యాంకులు చాలావరకు లాకర్ల సదుపాయం ఆపేశాయి. ఇంటి బీమాలో ఒక్కో వస్తువుకు ఇంత అని హద్దు ఉంటుంది, ఆ హద్దు దాటిన నగను ముందే విడిగా రాయించకపోతే పూర్తి పరిహారం రాకపోవచ్చు. నల్లపూసలు, రోజూ పెట్టుకునే చిన్న నగలు ఆమెతో పంపి, మిగిలినవి ప్రొద్దుటూరు లాకరులోనే ఆమె పేరున ఉంచండి. పంపే వాటికి కూడా ఒక్కోదాన్ని విడిగా ఫోటో తీసి, బిల్లుతో కలిపి దాచండి. చలికాలంలో ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్తే నాలుగు గంటలకే చీకటిగా ఉన్న ఇల్లు "ఎవరూ లేరు" అని దొంగకు చెప్పినట్టే. వేళకు తనంతట తాను దీపం వెలిగించే టైమరు ప్లగ్గు కొనుక్కోమనండి.

ప్రశ్న: ఇంగ్లండ్ పట్టణాల్లో ఇరుగుపొరుగు కలిసి వీధిని కాపాడుకుంటారని మా అబ్బాయి చెప్పాడు. ఇరవై ఇళ్లున్న మా వీధిలో రెండు దొంగతనాలు జరిగాయి. మేమూ అలా చేయవచ్చా? – విశ్రాంత ఉపాధ్యాయుడు, శంకరాపురం, కడప

జవాబు: తప్పక చేయవచ్చు మాస్టారూ. చెషైర్‌లోని మాలింగ్టన్ అనే పల్లెలో 1982లో అక్కడి తొలి పొరుగు కాపలా బృందం మొదలైంది. వాళ్లు కర్రలు పట్టుకుని గస్తీ తిరగలేదు. పక్కింటివారు ఊళ్లో లేనప్పుడు ఆ ఇంటిపై ఒక కన్ను వేసి ఉంచడం, ఏదైనా తేడా కనిపిస్తే పోలీసులకు చెప్పడం, అంతే. నాకు అంతకంటే ముఖ్యంగా తోచేది 1998 నాటి చట్టం. ఊరి భద్రతకు పోలీసులతో పాటు స్థానిక పాలక మండలి కూడా బాధ్యత వహించాలని, కలిసి కూర్చుని ప్రణాళిక వేయాలని అది శాసించింది. మన దగ్గర దొంగతనం స్టేషన్‌కు, వెలగని వీధి దీపం నగరపాలక సంస్థకు, ముళ్లకంప పెరిగిన ఖాళీ స్థలం ఎవరికీ కాకుండా పోతుంది. ఆ మూడూ కలిసిన మూలలోనే దొంగ గొలుసు తెంచుకుపోతాడు.

2019 నుంచి మన వార్డు సచివాలయాల్లో మహిళా సంరక్షణ కార్యదర్శులు ఉన్నారు. మీ వార్డు కార్యదర్శిని వీధి సమావేశానికి పిలవండి. ఊరెళ్లే కుటుంబాలు ముందుగా తెలియజేస్తే తాళం వేసిన ఇంట్లో కెమెరా అమర్చే ఎల్‌హెచ్‌ఎంఎస్ ఏర్పాటు మన పోలీసులది ఉంది, దాని గురించి స్టేషన్‌లో అడగండి. ఒక్క విషయంలో మాత్రం మీరు పెద్దరికం చూపించాలి. పాత ఇనుము కొనే మనిషిని, ఉత్తరాది నుంచి వచ్చిన కూలీని, కొత్తగా దిగిన అద్దెవాళ్లను అనుమానించడం కాపలా కాదు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోతున్నారన్న వాట్సాప్ పుకార్లు నమ్మి దేశంలో పలుచోట్ల అమాయకులను కొట్టి చంపారు. మీ వీధి గ్రూపులో ఎవరి ఫోటో అయినా "దొంగ" అని వస్తే, వెంటనే తీసేయించే అధికారం మీ చేతిలో ఉంచుకోండి.

మొదటి సమావేశానికి ఒక తెల్ల కాగితం చాలు. వీధి పటం గీసి, వెలగని స్తంభాల నంబర్లు, అవి ఆరిపోయిన తేదీలు రాసి, ఇరవై ఇళ్లవారితో సంతకాలు చేయించి నగరపాలక సంస్థలో ఇచ్చి రసీదు తీసుకోండి. దాని నకలును పోలీస్ స్టేషన్‌లోనూ ఇవ్వండి. పదిహేను రోజులకు దీపం వెలగకపోతే అదే కాగితం మీద తేదీ వేసి మళ్లీ ఇవ్వండి.