లూప్స్ నడుమ సన్నబడుతుంటే ముందు బార్ సైజు చూడండి

మీ ప్రీకాస్ట్ (ముందే పోతపోసిన) బీమ్-కాలమ్ జాయింట్ టెస్ట్‌లో హిస్టరిసిస్ లూప్స్ (అటూ ఇటూ తోసినప్పుడు లోడ్, కదలికల గ్రాఫ్‌లో వచ్చే వలయాలు) నడుమ బాగా సన్నబడుతున్నాయన్నారు కదా, గ్రౌట్‌ని (ఖాళీల్లో నింపే సిమెంట్ మిశ్రమాన్ని) అనుమానించే ముందు బార్ సైజు చూడండి. మీది 400 ఎంఎం కాలమ్, దాంట్లోంచి 25 ఎంఎం బీమ్ బార్లు పోతున్నాయి, ఏసీఐ 318 (అమెరికా కాంక్రీట్ కోడ్) ప్రకారం గ్రేడ్ 60 స్టీల్‌కి కాలమ్ లోతు (బార్ పోయే దిశలో కొలత) బార్ డయాకి కనీసం 20 రెట్లుండాలి, అంటే 500 కావాలి, అది లేదు కాబట్టి ఒకవైపు లాగుడు రెండోవైపు తోపుడు కలిసి బార్ జాయింట్ లోపల జారిపోతుండొచ్చు. అదే స్టీల్ ఏరియా వచ్చేలా 20 ఎంఎం బార్లు పెట్టి చూడండి. జాయింట్‌లో స్టిరప్స్ (బార్ల చుట్టూ కట్టే రింగులు) మాత్రం దయచేసి తగ్గించకండి, అసెంబ్లీకి అడ్డమని అక్కడ కోత పెట్టడం నాకస్సలు నచ్చదు. మళ్ళీ టెస్ట్ చేశాక 3.5 శాతం డ్రిఫ్ట్‌లో (ఎత్తుతో పోలిస్తే పక్కకి కదిలిన శాతం) మూడో సైకిల్ చూడండి, ఏసీఐ 374.1 (ఇలాంటి టెస్టులకి పాస్ ప్రమాణం) ప్రకారం పీక్ లోడ్‌లో 75 శాతం నిలబడాలి, రిలేటివ్ ఎనర్జీ డిసిపేషన్ రేషియో (ఆదర్శ లూప్‌తో పోలిస్తే జాయింట్ ఖర్చుచేసే శక్తి) 1/8 కి తగ్గకూడదు.