గట్ల సంగతి అడగబోయే ముందు

పర్లాకిమిడి

చిరంజీవి అల్లుడికి,

మన ఊరి పొలాల హద్దులు ఎలా మారాయో రాస్తానన్నావు. మంచిదే. కానీ మొదటే భూలేఖ్ (ఒడిశా భూరికార్డుల వెబ్‌సైట్) తెరిచి కూర్చోకు. అందులో ఉండేది ఇవాళ్టి లెక్క.

ముందు ఇంట్లో పెట్టె దింపి పాత దస్తావేజులు తీయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మనం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాం, ఆనాటి మన కాగితాలన్నీ తెలుగులోనే ఉన్నాయి. 1951 ఎస్టేట్ల రద్దు చట్టం అమలయ్యేదాకా శిస్తు జమీందారుకే కట్టేవారు. ఆ రసీదులు దొరికితే పారెయ్యకు. దస్తావేజులో హద్దులంటే మనుషుల పేర్లే: తూర్పు ఫలానావారి మడి, ఉత్తరం గెడ్డ, అంటే వాగు. ఆ ఫలానావారి మనవలెవరో కనుక్కో. గెడ్డ దగ్గర మాత్రం జాగ్రత్త, అప్పుడు పారిన చోటే ఇప్పుడూ పారాలని లేదు. కాశీనగర్ వైపు వంశధార ఒడ్డు పొలాలైతే మరీను.

ఇప్పటి భూహక్కుల పత్రమైన ఖతియాన్‌తో కలపాలంటే సబిక్ (పాత) నంబరు, హాల్ (ఇప్పటి) నంబరు రెండూ కావాలి. ఆర్.ఐ. (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) ఆఫీసులో అడుగు. ఎవరైనా గుంటల్లో చెబితే ఏ గుంటో తేల్చుకో. ఇక్కడ ఎకరానికి 25, తెలంగాణలో 40.

పెద్దరైతుల్ని చివర్న కలువు. వాళ్లకి హద్దంటే వాటా. ఉభాలకు (వరినాట్లకు) వెళ్లిన ఆడవాళ్లనీ, చిన్నప్పుడు పశువులు కాసినవాళ్లనీ ముందు కదుపు. తగువు మాట ఎత్తకు. నీళ్లు ఏ మడిలోంచి ఏ మడిలోకి దిగేవని అడుగు, గట్లన్నీ వాళ్లే చెప్పేస్తారు.

కోతలయ్యాక పొలంలోకి వెళ్లి, వంగి గట్టు చూడు. ఒక పక్క గరిక పట్టి వాలుగా ఉంటుంది. రెండో పక్క నిలువుగా తెగి, గరిక వేర్లు బయటికి వేలాడుతుంటే ఏటా పార పెడుతున్నదెవరో తెలిసిపోతుంది. పైకి అనకు, పుస్తకంలో రాసుకో. ట్రాక్టర్లొచ్చాక కొన్నిచోట్ల గట్లే పోయాయి, నాలుగు మడులు ఒకటయ్యాయి. అక్కడ వాన వెలిసిన మర్నాడు వెళ్తే నీరు నిలిచిన తీరులో పాత మడి కాస్త కనిపిస్తుంది.

ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ రాయి. చెప్పినవాళ్లకి ఆ మడితో సంబంధమేమిటో పక్కనే రాయి. ఒరియా ఖతియాన్ అర్థం కాకపోతే టెన్షన్ పడకు, మీ అత్తయ్యకి పంపు. ఆవిడ చదివింది ఒరియా బడిలోనే.

మీ మావయ్య